నలభై ఒక్క ఒకట్లు

ఒకటిలో ఎనభై మూడు పోదు. పక్కన ఒకటి దించుకుంటే పదకొండు, అందులోనూ పోదు. ఇంకొకటి దించుకుంటే నూట పదకొండు, ఒక్కసారి పోతుంది, ఇరవై ఎనిమిది మిగులుతుంది. కొత్త హాల్లో ముందు వరుస మెత్తకుర్చీలో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ప్రిన్సిపాల్ భార్యకు ఎంత చిరునవ్వు ఉండాలో అంతే మొహాన నిలబెట్టుకుని, ఆమె మనసులో భాగహారం చేస్తోంది. వేదిక వెనక గోడకి ఎర్ర తెర వేలాడుతోంది. తెర వెనక నలభై ఒక్క ఇత్తడి ఒకట్లు, ఒక్కోటి జానెడు ఎత్తు, కంచె కర్రల్లా ఒకే వరుసలో బిగించి ఉన్నాయి. వాటి కింద చలువరాతి మీద చెక్కిన మాట: మమ్మల్ని ఎవరూ భాగించలేరు. ఉపన్యాసాలన్నీ అయ్యాక తాడు లాగుతారు, తెర తొలుగుతుంది, చప్పట్లు కొడతారు. అప్పటిదాకా పొద్దు గడవాలి కదా, అందుకని భాగిస్తోంది. ఇరవై ఎనిమిది పక్కన ఒకటి, రెండువందల ఎనభై ఒకటి, మూడుసార్లు పోయి ముప్ఫై రెండు. ముప్ఫై రెండు పక్కన ఒకటి, మళ్లీ మూడుసార్లే, డెబ్భై రెండు. ఇలా మిగులుతూ మిగులుతూ వెళ్లి, ఆఖరి ఒకటి దించేసరికి ఏమీ మిగలదని ఆమెకు తెలుసు. తెలిసీ చేస్తోంది. ఎవరి కాలు ఎక్కడ జారబోతోందో ముందే తెలిసినప్పుడు, ఆ మెట్టు దాకా వాళ్లు నడిచి రావడం చూస్తూ కూర్చోవడంలో ఒక సుఖం ఉంటుంది. అది మంచి సుఖం కాదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"వదినా, ఆ చల్లగాలి మిషను సరిగ్గా నా నెత్తి మీదే పెట్టించాడు అన్నయ్య. చిన్నప్పటి కక్ష అనుకుంటా," అంది పక్క కుర్చీలోంచి ఆడపడుచు. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ తుమ్ముతూనే ఉంది. "ఇంతకీ ఆ తెర వెనక ఏముంది? మా అన్నయ్య బొమ్మే కదా, నిజం చెప్పు." "బొమ్మ కాదు, అంకెలు," అంది ఆమె. "అంకెలా. బొమ్మయితే కనీసం పావురాలకి పనికొచ్చేది," అని ఆడపడుచు ముక్కు తుడుచుకుంది. నవ్వొచ్చింది. నవ్వు ఎంత కావాలో అంతకన్నా ఒక పిసరు ఎక్కువైంది కాబోలు, వేదిక మీద నుంచి ఆయన చూశాడు. వెంటనే సర్దుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నేర్చుకున్న విద్యల్లోకెల్లా కష్టమైనది ఇదే, మొహాన్ని ఆయన చూపుకి తగ్గట్టు పెంచడం, తగ్గించడం. స్టవ్ మంటలాగ.

అసలు ఇవి నలభై ఒక్క ఒకట్లు కావలసినవి కావు. కాలేజీ పెట్టి నలభై ఏళ్లయిన సందర్భానికి కట్టాల్సిన హాలిది. అప్పుడైతే నలభై ఒకట్లు పెట్టాలి, నలభై ఒకట్లనీ రెండేసి చొప్పున విడదీస్తే పదకొండుతో పోతాయని ఆరో తరగతి పిల్లాడికీ తెలుస్తుంది, ఆయనకీ తెలుసు, కాబట్టి ఆయన నోరు మూసుకుని ఏ పూలతీగో చెక్కించి ఊరుకునేవాడు. మేస్త్రీ ఏడాది ఆలస్యం చేశాడు. ఒక మేస్త్రీకి నడుంనొప్పి వస్తే ఒక మనిషి పరువు ఎక్కడికి పోతుందో ఎవరు ఊహించగలరు. నలభై ఒకటి రాగానే ఆయనకి తన కుర్రతనం గుర్తొచ్చింది. చదువుకునే రోజుల్లో కాలేజీ పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశాడు, అందులో తేల్చిపారేశాడు, నలభై ఒక్క ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్య ప్రైమ్ అని, ఒకటీ తానూ తప్ప దాన్ని ఎవరూ భాగించలేరని. దానికి మొదటి బహుమతి కూడా ఇచ్చారు. బహుమతి ఇచ్చినవాళ్లు వ్యాసం తూచి ఇచ్చి ఉంటారు.

పెళ్లయిన కొత్తలో ఆ పత్రిక ఆమెకు చూపించాడు. అప్పటికి ఆమె కూడా లెక్కల్లో పెద్ద చదువు పూర్తిచేసి ఉంది, ఆ సంగతి ఇద్దరికీ ఇంకా గుర్తుండేది. మంచం అంచున కూర్చుని చదివింది. ఒకట్ల లెక్క విడిపోతే సంఖ్యా విడిపోతుంది, ఆరు ఒకట్లని మూడేసిగా విడదీసినట్టు, అంతవరకు నిజమే. లెక్క విడిపోకపోతే సంఖ్యా విడిపోదని ఆయన దాన్ని చొక్కా తిరగేసినట్టు తిరగేశాడు. లోపలి కుట్లన్నీ బయటికి కనిపిస్తున్నాయి. "మూడు ఒకట్లు మూడుతో పోతాయి కదండీ. ఐదు ఒకట్లు నలభై ఒకటితోనే పోతాయి," అంది, సరదాగానే, కొత్త పెళ్లికూతురి గొంతుతోనే. ఆయన పత్రిక చేతిలోంచి తీసుకుని మడిచాడు. "అవి చిన్నవి. పెద్ద సంఖ్యల సంగతి వేరు," అన్నాడు. ఆ ఒక్క మాట ఆ ఇంట్లో ఆ తరవాత అన్నిటికీ సరిపోయింది. ఆమె అన్నవి చిన్నవి, ఆయన అన్నవి పెద్దవి. ఆ రోజే కాయితం తీసుకుని ఎనభై మూడుతో భాగించి ఉండొచ్చు. భాగించలేదు. మొగుడి లెక్కని భాగించి చూడటం అప్పట్లో ఆమెకి మొగుడి జేబులు వెతకడంలా అనిపించింది. తరవాత తరవాత జేబులు వెతికింది కానీ లెక్క జోలికి పోలేదు.

డెబ్భై రెండు పక్కన ఒకటి, ఎనిమిదిసార్లు పోయి యాభై ఏడు. మైకులో ఎవరో కాలేజీ చరిత్ర చెబుతున్నారు, రెండు గదులూ ఒక రేకుల షెడ్డూ అంటూ. యాభై ఏడు పక్కన ఒకటి, ఆరుసార్లు, డెబ్భై మూడు. ఈ సంఖ్యని భాగించాలంటే ఎవరు పడితే వాళ్లు పనికిరారు. ఎనభై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలేవాళ్లకే ఆ అర్హత. అలాంటివాళ్ల వరుసలో, ఒకటిని వదిలేస్తే, మొట్టమొదట నిలబడ్డది ఎనభై మూడే. అంటే తలుపు తియ్యగానే గుమ్మంలో నిలబడి ఉంది. అంత దగ్గర నిలబడ్డదాన్ని చూడకుండా ఉండాలంటే మనిషి ఎంత ఎత్తుకి చూస్తూ నడవాలో. ఈ రోజుల్లో ఎవరి ఫోనయినా చెబుతుంది ఆ మాత్రం. కానీ ఫోను చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి. తన పేరు సరిగ్గా ఉందో లేదో ఎవరూ ఫోనుని అడగరు.

అడిగింది కొత్తమ్మాయి. లెక్కల శాఖలో చేరి మూడేళ్లయినా ఆమెకు ఇంకా అదే పేరు, ఉద్యోగం పర్మనెంటు అయ్యేదాకా పేరు కూడా తాత్కాలికమే. పోయిన వారం ఇంటికి ఫోన్ చేసింది. "మేడమ్, పనిలో ఉన్నారా?" "పాలు పొంగేదాకా ఖాళీయే, చెప్పు." "ఆ గోడ మీద పెట్టే సంఖ్య మేడమ్. అది ప్రైమ్ కాదు. ఫస్టియర్ పిల్లలకి చూపిద్దామని మొదలుపెట్టాను, మొదటి అడుగులోనే పోయింది. మొత్తం నాలుగు ముక్కలు మేడమ్. ఎనభై మూడు, పన్నెండువందల ముప్ఫై ఒకటి, ఆరంకెలది ఒకటి, ముప్ఫై అంకెలది ఒకటి." ఆ పిల్ల గొంతులో భయం ఉంది, దాని కింద సంతోషం కూడా ఉంది. దాచుకోలేని సంతోషం, బల్ల కింద కుక్కపిల్లని దాచుకున్నట్టు. ఆ సంతోషం ఆమెకు బాగా తెలుసు. ఒకప్పుడు తనకీ ఉండేది. "ఆయనకి చెప్పకపోయావా?" "వెళ్లాను మేడమ్. గుమ్మంలోనే, ముందు నీ సిలబస్ పూర్తి చెయ్యి అన్నారు. నా ఫైలు సార్ బల్ల మీదే ఉంది మేడమ్. మళ్లీ వెళ్తే ఏమనుకుంటారో. మీరైతే ఇంట్లో మెల్లగా చెబుతారు కదా." ఇంట్లో మెల్లగా. ఆ పిల్లకి ఇంకా పెళ్లి కాలేదు మరి. "చెబుతాలే," అంది ఆమె. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి.

ఆ రాత్రికే చెప్పొచ్చు. మర్నాడు చెప్పొచ్చు. నాలుగు ముక్కల్ని ఒక్కత్తే చూసుకుంటూ వారం గడిపింది. సంయుక్త సంఖ్య అట దాని పేరు, నలుగురూ కలిసి ఉన్నట్టు కనిపించే సంసారం అన్నమాట. ఆ ముప్ఫై అంకెల ముక్క ఎవరో చెప్పక్కర్లేదు. దాన్ని మళ్లీ ఎవరూ భాగించలేరు, అది నిజంగానే ప్రైమ్. ఆరంకెలదీ నాలుగంకెలదీ పిల్లలిద్దరూ అనుకుంటే, కూరగాయల సంచీ పట్టుకుని వెనకాల వచ్చే ఆ రెండంకెలది ఎవరు? అది లేకపోతే మాత్రం లెక్క తప్పుతుంది. ఒకటి తక్కువైనా గోడ మీద అన్ని ఒకట్లు రావు. ఇలాంటివి ఆలోచిస్తూ ఉంటే చేతిలో గిన్నె తళతళలాడేది. వారంలో ఇత్తడి బిగించడం పూర్తయింది. రాయి చెక్కడం పూర్తయింది. చెక్కిన అక్షరాల్లో నల్లరంగు నింపడం కూడా పూర్తయిందని నిన్న సాయంత్రం ఆయన చెబితే, అప్పుడు, ఇక చెప్పేద్దాం అనుకుంది.

ఇవాళ పొద్దున అద్దం ముందు ఆయన టై ముడి వేసుకుంటున్నాడు. ఆమె వెనక నిలబడి కోటు దులుపుతోంది. "ఏమండీ, ఆ సంఖ్య ప్రధానం కాదండీ," అంది. ఆయన అద్దంలోంచే చూశాడు. "నీకు కాకపోవచ్చు," అన్నాడు. "నాకనే కాదు, ఎవరికీ కాదు." "చూడు, పొద్దున్నే నీ వేదాంతం మొదలుపెట్టకు. రెండో చేతి బొత్తాం ఎక్కడ పెట్టావు?" బొత్తాం ఇచ్చింది. అంతే. చెప్పడం అయిపోయింది. దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు, తప్పూ లేదు. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఆ మాటే ఉంటుంది, ప్రధాన సంఖ్య అని. ఆమె చదువుకున్న బడిలో అదే పేరు. ఆయన చదువుకున్న బడిలో ప్రైమ్. ఆయన చెవికి ప్రధానం అంటే ముఖ్యం అని ఒక్కటే అర్థం, అదీ తనకి సంబంధించినప్పుడే.

కాకపోతే ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. లెక్కల ఇల్లు కదా, పిల్లలకి కూడా నోట్లో పాలపళ్లు ఉండగానే ప్రైమ్ అన్న మాట వచ్చేసింది. ఆమె కూడా ప్రైమ్ అనే అంటుంది. ఎన్నేళ్ల నుంచో. ఇవాళ పొద్దున మాత్రం ఎందుకో చిన్నప్పటి బల్ల మీంచి ఆ మాట తీసుకొచ్చింది. ఎందుకో ఏమిటి, ఎందుకో ఆమెకు తెలుసు. ప్రైమ్ కాదు అని ఉంటే ఆయన చెవులు నిక్కబొడుచుకునేవి, ముడి సగంలో వదిలేసి గిర్రున తిరిగేవాడు, ఇప్పుడీ తెర ఇలా వేలాడుతూ ఉండేది కాదు. ఒక అరిగిపోయిన తాళంలో ఏ చెవి పెడితే తిరగదో వెతికి మరీ ఆ చెవే పెట్టింది. పెట్టి, తిప్పాను కదా అంటోంది.

డెబ్భై మూడు పక్కన ఒకటి, ఎనిమిదిసార్లు, అరవై ఏడు. దాని పక్కన ఒకటి, మళ్లీ ఎనిమిదిసార్లు, ఏడు. ఏడే మిగిలింది, ఇంత బక్కచిక్కిపోయిందేమిటి అనుకుంటే పక్కన ఒకటి దించగానే డెబ్భై ఒకటి. అందులో పోదు. సున్న పెట్టి ముందుకి. "మా ఆవిడ కసాగు, గసాభా బ్యాచ్," అని ఆయన స్నేహితులకి పరిచయం చేసేవాడు. కనిష్ఠ సామాన్య గుణిజం, గరిష్ఠ సామాన్య భాజకం, ఆ పేర్లు ఆయన ముక్కుతో పలికేవాడు, వాళ్లు పొట్ట పట్టుకు నవ్వేవాళ్లు. తరవాత తమాషా ఉండేది. ఆమె కప్పులు పట్టుకుని రాగానే, "ఏమోయ్, నాలుగువందల పదమూడు ఇంటూ ఇరవై ఏడు?" "పదకొండువేల నూట యాభై ఒకటి." చప్పట్లు. చప్పట్ల మధ్యలో కప్పులు ఇచ్చేది. ఒకసారి ఆయనే తప్పు చెప్పి ఆమెను దిద్దాడు, అందరి ముందూ, వేలు ఊపుతూ. నిజానికి ఆమె చెప్పిందే సరి. స్నేహితుల్లో ఒకతను కాయితం మీద వేసి చూసుకుని తలెత్తాడు, ఆమె వైపు చూశాడు, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడత ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన మీద కన్నా ఆ కాయితం మడిచినవాడి మీద ఆమెకు ఎక్కువ కోపం. తెలిసి ఊరుకున్నవాడు వాడు.

ఎక్కడున్నాను, డెబ్భై ఒకటి. ఇంకొకటి దించితే ఏడువందల పదకొండు, ఎనిమిదిసార్లు, నలభై ఏడు. నలభై ఏడు, యాభై ఆరు, అరవై మూడు, యాభై. పక్క దారిలో కొత్తమ్మాయి పూలగుత్తులు పట్టుకుని నిలబడింది. ఎడమచేతి అంచున సుద్దముక్క పొడి ఉంది, పొద్దున పీరియడ్ చెప్పి అలాగే వచ్చేసినట్టుంది. ఇంత ఉత్సవంలో ఆ పొడి ఒక్కటే ఆమె కంటికి ఆనింది. చేతికి సుద్ద అంటుకుని ఇంటికి రావడం ఎలా ఉంటుందో. కడుక్కుంటే పోతుందా, గోళ్లలో ఉండిపోతుందా. ఆ శాఖలో మొదటిసారి ఖాళీ వచ్చినప్పుడు ఆమె దరఖాస్తు రాసుకుంది, ఆయన చదివి, భాష బాగుందన్నాడు. రెండోసారి ఖాళీ వచ్చినప్పుడు పిల్లలకి పరీక్షలు. మూడోసారి ఈ పిల్ల వచ్చింది. ఎంపిక చేసిన రోజు ఆయన ఇంటికొచ్చి, "అచ్చం నీ వయసులో నీలాగే ఉంది, బోర్డు ముందు నిలబడితే ఒళ్లు తెలియదు," అన్నాడు, మెచ్చుకోలుగానే. ఎవరిని మెచ్చుకున్నాడో తెలియక ఆమె అన్నం వడ్డించింది.

కొత్తమ్మాయి ఆమె కళ్లలో పడాలని చూస్తోంది. పడింది. పెదవులు మాత్రం కదిపి అడిగింది, చెప్పారా. ఆమె తల ఊపింది. చెప్పాను. ఆ పిల్ల భుజాలు దిగాయి, ఊపిరి వదిలింది, ఒక్కసారిగా పూలగుత్తుల వెనక నుంచి కనిపించింది, పిచ్చిమొహం, నవ్వుతూ. అయితే సార్ మార్పించేసి ఉంటారు అనుకుంటోంది పాపం. తెర వెనక ఇప్పుడు వేరే అంకెలు ఉన్నాయనో, రాయి తీసేశారనో. తెర ఉన్నంతసేపూ అలా అనుకోవచ్చు. తెర ఉన్నంతసేపూ ఎవరైనా ఏదైనా అనుకోవచ్చు, కాపరాలన్నీ అలా గడిచేవే.

ఇప్పుడు లేచి వెళ్లొచ్చు. వేదిక మెట్లు అక్కడే ఉన్నాయి. మధ్యలో ఆడపడుచు కాళ్లూ ఆవిడ సంచీ అడ్డం, జరగమంటే జరుగుతుంది. మెట్లెక్కి ఆయన చెవిలో ఒక్క మాట, ప్రైమ్ కాదు. ఆయన ఏదో వంక చెప్పి తెర అలాగే ఉంచేస్తాడు, కరెంటు పోయిందంటాడు, తాడు చిక్కుకుందంటాడు, అలాంటివాటికి ఆయన దిట్ట. ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాకుండా పోతుందే అన్నదే ఆమె బెంగ. ముఖ్య అతిథి కుర్చీలో ఆ ముసలాయన ఉన్నాడు, సంఖ్యల మీద పుస్తకాలు రాసినవాడు, ఊరంతా మర్యాదగా పెద్దాయన అంటుంది. కునుకు తీస్తున్నాడు కానీ కనురెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. పెద్దాయన చూస్తాడు. చూసి అడుగుతాడు. ఇంతమందిలో, మైకు ముందు, మొగుడి మొహం మీద నవ్వు ఎలా ఆరిపోతుందో ఆమె ఎన్నిసార్లు ఊహించుకుందో. ముందు ఏ వైపు పెదవి దిగుతుందో కూడా ఊహించుకుంది. ఎడమది.

ఆ తరవాత ఆయన ఏం చేస్తాడన్నది మాత్రం ఊహించుకోలేదు. ఊహించుకోలేదు అనడం తనకి తాను చేసుకున్న మర్యాద. కాలికి రాయి తగిలితే ఆ రాయి అక్కడ పెట్టింది ఎవరని చూసే మనిషి ఆయన, పక్కన ఎవరు చిన్నగా ఉంటే వాళ్లే పెట్టారని తేల్చే మనిషి. ఇన్నేళ్లుగా ఆ చిన్నది ఆమే. ఇవాళ హాల్లో ఆమె కన్నా చిన్నది ఇంకొకతె ఉంది, చేతికి సుద్దతో. ఆ ఆలోచన రాగానే దాన్ని పక్కకి నెట్టి ఒకటి దించుకుంది. యాభై పక్కన ఒకటి, ఆరుసార్లు, మూడు. మూడు పక్కన ఒకటి, పోదు. ఇంకొకటి, మూడుసార్లు, అరవై రెండు. "వదినా, ఏమిటలా పెదాలు ఆడిస్తున్నావు, జపమా?" "లెక్క." "ఇంటిల్లిపాదికీ పిచ్చే," అని ఆడపడుచు తుమ్మింది.

ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. గొంతు బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. అందరం ఒకట్లమే అంటున్నాడు. ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా మేము ఒకటే అంటున్నాడు. నలభై, అరవై తొమ్మిది, ఇరవై ఏడు, ఇరవై రెండు. ఈ సంస్థ విజయం వెనక మా కుటుంబాల త్యాగం ఉంది అన్నప్పుడు చెయ్యి ఆమె వైపు చాపాడు, జనం చూశారు, ఆమె నవ్వుని రెండు పిసర్లు పెంచింది. యాభై ఐదు, యాభై మూడు, ముప్ఫై మూడు. పక్కన ఒకటి, మూడువందల ముప్ఫై ఒకటి, మూడుసార్లు పోయి ఎనభై రెండు. ఎనభై రెండు మిగిలింది. ఇంకొక్కటి ఉంటే చాలు, పోయేది. ఒక్కటి తక్కువలో ఆగిపోయినవాళ్లని చూస్తే ఆమెకి ఎప్పుడూ ఒళ్లు మండుతుంది. లేద్దామా. సంచీ ఒళ్లోంచి తీసి కుర్చీ మీద పెట్టింది కూడా. ఆడపడుచు కాళ్లు ముడుచుకుంది. ఆయన తాడు పట్టుకున్నాడు. ఆమె సంచీ మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. డెబ్భై నాలుగు, డెబ్భై ఏడు, ఇరవై నాలుగు, డెబ్భై ఐదు, నాలుగు, నలభై ఒకటి, ఇప్పుడు పరుగు, డెబ్భై తొమ్మిది, నలభై నాలుగు, ఇరవై ఆరు, పన్నెండు, ముప్ఫై ఎనిమిది, నలభై తొమ్మిది, డెబ్భై ఆరు, పద్నాలుగు, యాభై ఎనిమిది. పక్కన ఆఖరి ఒకటి. ఐదువందల ఎనభై ఒకటి, ఏడుసార్లు ఎనభై మూడు. శేషం ఏమీ లేదు. తెర జారి కింద పడింది.

ఇత్తడి ధగధగమంది. చప్పట్లు కొట్టారు. కొత్తమ్మాయి చేతిలో పూలగుత్తి ఒకటి జారింది, వంగి తీసుకోలేదు. పెద్దాయన కర్ర పట్టుకుని లేచి గోడ దగ్గరికి వెళ్లి ఒకట్లని ముట్టుకుంటూ లెక్కపెట్టాడు, పెళ్లివారు వచ్చారో లేదో చూసుకున్నట్టు. తరవాత మైకు దగ్గరికి వచ్చి, గొంతులో ఏ విరుపూ లేకుండా, ఇంట్లో మాట్లాడుకున్నట్టే అడిగాడు. "నలభై ఒకటే కదా బాబూ. రెండు నలభై ఒకట్లు ఎనభై రెండు, ఇంకొకటి కలిపితే ఎనభై మూడు. దాంతో భాగించి చూశారా?"

ఆయన నవ్వు ఆరలేదు. ఎడమ పెదవీ దిగలేదు, కుడి పెదవీ దిగలేదు. ఒక్క క్షణం, పొద్దున చేతి బొత్తాం కోసం వెతికినట్టు హాలంతా కళ్లతో వెతికాడు. దొరికింది. "ఇవన్నీ సరిచూసే పని మా కొత్త లెక్చరర్‌కి అప్పజెప్పామండీ. ఏమ్మా, చూశావా?" అన్నాడు.

"చూశాను సార్," అంది కొత్తమ్మాయి. ఎవరో మైకు అందించారు, అందుకుని మళ్లీ అంది. "చూశాను సార్. పోతుంది. శేషం లేకుండా పోతుంది."

వెనక వరుసల్లో పిల్లలు నవ్వారు. పెద్దాయన కర్ర మీద గడ్డం ఆన్చి ఆసక్తిగా వింటున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ఇంతమంది పెద్దల ముందు ఇలాగేనా?" ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఆ బాధ చూసి ముందు వరుసలో ఒకరిద్దరు నోరు చప్పరించారు.

"మేడమ్‌కి చెప్పాను సార్. మీకు చెప్పమని. పోయిన వారం."

తలలన్నీ తిరిగాయి. ఇన్నేళ్లలో ఇంతమంది ఒకేసారి ఆమె జవాబు కోసం ఎదురుచూడటం ఇదే మొదలు. ఆయన మైకు దించి, వేదిక అంచుకి వచ్చి, ఆమె వైపు వంగాడు. "ఏమోయ్, ఈ అమ్మాయి నీకేమైనా చెప్పిందా?"

చెప్పింది, నేను మీకు చెప్పాను, పొద్దున, అద్దం ముందు. ఆ వాక్యం నోట్లో తయారుగా ఉంది. గంట సేపట్నుంచి దాన్నే నాలుక మీద తిప్పుకుంటూ కూర్చుంది, తనకున్న ఒక్క ఆస్తి అదే అన్నట్టు. కొత్తమ్మాయి ఆమె వైపు నమ్మకంగా చూస్తోంది. ఆ నమ్మకం చూస్తే ఎవరికైనా జాలి వెయ్యాలి. ఆమెకు కనిపించింది మాత్రం ఆ పిల్ల చేతిలో మైకు, ఆ మైకు మీద సుద్ద వేళ్ల గుర్తులు.

"లేదండీ," అంది. గొంతు ఎంత సాఫీగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. "నాకెవరూ ఏమీ చెప్పలేదు. చెప్పినా నాకేం అర్థమవుతాయి ఈ లెక్కలు."

"మేడమ్," అంది కొత్తమ్మాయి. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది, అందుకని ఆ ఒక్క మాటా హాలు నాలుగు గోడలకీ తగిలింది. తరవాత ఎవరో ఆ మైకు తీసేసుకున్నారు.

తేనీళ్లిచ్చారు. పెద్దాయన కొత్తమ్మాయి కోసం అడిగాడు, ఇంటికెళ్లిపోయిందన్నారు. "పోనీలెండి, సంయుక్త సంఖ్యలు కూడా అందంగానే ఉంటాయి," అని పెద్దాయన బిస్కత్తు ముంచుకున్నాడు. రాతి మీద మాట మార్చుకుంటే సరిపోతుందని ఎవరో, అసలు ఎవరు చూస్తార్లెండి అని ఇంకెవరో అన్నారు. పావుగంటలో ఆ సంగతి తేనీటిలో కరిగిపోయింది. "ఈ కాలం పిల్లలు ఎంత తెగించారో చూడు వదినా, ఏకంగా నీ మీదే పెట్టేసింది. నువ్వు కాబట్టి ఓర్చుకున్నావు," అని ఆడపడుచు ఆమె చెయ్యి నొక్కింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆమె తీసుకోలేదు.

ఆయన కప్పు పట్టుకుని వచ్చి, ఆడపడుచుని అటు పంపి, ఆ కుర్చీలో కూర్చున్నాడు. గోడ వైపే చూస్తూ కప్పులో సగం తాగాడు. తెలిసిపోయిందా, పొద్దుటి మాట గుర్తొచ్చిందా అనుకుంది ఆమె. ఆయన మాట్లాడినప్పుడు గొంతు తగ్గించి, సాటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆ గొంతు ఆయనకి ఉందని ఆమెకు తెలియదు.

"ఆ పిల్లని ఇంక ఉంచలేం. కాలేజీ బోర్డువాళ్లు ఇప్పుడే అనేశారు. మధ్యలో కొత్తవాళ్లని వెతకాలంటే కష్టం. ఫస్టియర్ లెక్కలు నువ్వు చూసుకోగలవా, సోమవారం నుంచి?"

హాల్లో కుర్చీలు మడుస్తున్నారు. ఒకదాని మీద ఒకటి పడేస్తున్న చప్పుడు. ఇద్దరు పనివాళ్లు కింద పడ్డ ఎర్ర తెరని చెరో కొసా పట్టుకుని దులుపుతున్నారు. వాకిట్లో ఎవరో పూలగుత్తులన్నీ ఒక బల్ల మీద వదిలేసి వెళ్లారు. ఆమె చేతిసంచి జిప్పు వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

"ఎన్నో పీరియడండీ?" అంది.